ఆగా దగ్గర కాగితం ఉంది

తెలుగు నేల మీద పుట్టి, ఈ మట్టిలోనే తాతముత్తాతల్ని పూడ్చుకున్నా మమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే. మీరెక్కణ్ణుంచి వచ్చారు? భువనగిరి దగ్గర పల్లె అంటే చాలదు. అంతకు ముందు? తాత? తాతకు తాత? వాళ్ళూ అక్కడేనంటే అడిగినవాడి మొహంలో అపనమ్మకం. అరబ్బు దేశమనో, టర్కీ అనో, కనీసం ఢిల్లీ అనో అంటే గానీ తృప్తి ఉండదు. చివర్లో "తెలుగు బాగా మాట్లాడతారే!" అని ఒక మెచ్చుకోలు. పుట్టిన ఊరి భాష మాట్లాడినందుకు మెప్పేమిటో ఇప్పటికీ మాకర్థం కాదు.

చిక్కడపల్లిలో ఈ ప్రశ్న ఎవరూ అడగని ముసల్మాను ఒకాయన ఉండేవాడు. తమాషా ఏమిటంటే ఆయన నిజంగానే బయటి దేశంనుంచి వచ్చినవాడు. ఇరాన్‌లో యజ్ద్ దగ్గరి పల్లె. పదేళ్ళు నిండని వయసులో మేనమామ చెయ్యి పట్టుకుని ఓడెక్కి బొంబాయిలో దిగాడు. అక్కణ్ణుంచి హైదరాబాద్. నారాయణగూడ చౌరస్తానుంచి చిక్కడపల్లి వైపు వచ్చేదారిలో, ఒక మూలన, అరవై ఏళ్ళకు పైగా చాయ్ అమ్మాడు. కస్టమర్లకు సేఠ్. మాకు ఆగా. పేరు రాయడం లేదు. పిల్లలున్నారు, వాళ్ళనడక్కుండా రాయడం మర్యాద కాదు.

మేం అంటున్నాం గానీ రాస్తున్నది ఒక్కరే. ఇంట్లో ఉర్దూలో 'మై' అనే అలవాటు లేదు మాకు. 'హమ్' అనే పెరిగాం. పైగా ఆ హోటల్లో ఒంటరిగా కూర్చున్న రోజు గుర్తు లేదు.

ఇరానీలు ఇక్కడికి రావడం కొత్తేం కాదు. గోల్కొండనేలిన కుతుబ్‌షాహీల మూలపురుషుడు సుల్తాన్ కులీది హమదాన్. 1591లో చార్మినార్ చుట్టూ ఊరు లేచినప్పుడు దానికి నక్షా గీసిన మీర్ మోమిన్ అస్త్రాబాదీ కూడా ఇరానీయే. వాళ్ళు దర్బారుకొచ్చిన ఇరానీలు. మేం చెప్పేది మూట నెత్తిన పెట్టుకుని వచ్చిన ఇరానీల సంగతి. పంతొమ్మిదో శతాబ్దం చివరినుంచీ యజ్ద్, కిర్మాన్ ప్రాంతాల పేదలు కరువులకూ నీటి కొరతకూ తాళలేక బొంబాయి దారి పట్టారు. అందులో అగ్నిని కొలిచే జరతుస్త్రీయులున్నారు, షియా ముసల్మానులున్నారు. బొంబాయి, పూనా చాయ్ దుకాణాల్లో గ్లాసులు కడిగారు, పని నేర్చారు, కొందరు నిజాం రాజ్యానికి వచ్చారు. హైదరాబాద్‌లో హోటళ్ళు పెట్టినవాళ్ళలో షియాలే ఎక్కువ. ఆబిడ్స్‌లో గ్రాండ్ హోటల్ 1935 నాటిది. సికింద్రాబాద్ ప్యారడైజ్ 1953లో సినిమా హాలు దగ్గర చిన్న కాంటీనుగా మొదలైంది. నారాయణగూడకు అడుగు దూరంలోని కేఫ్ బహార్ 1973లో పెట్టింది.

ఆబిడ్స్ అన్నాం కనక ఇంకో మాట. ఆ పేరు కూడా ఒక పరదేశి దుకాణదారుదే. ఆల్బర్ట్ ఆబిడ్ ఆర్మీనియా యూదుడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర దుస్తులు చూసుకునే కొలువు చేస్తూ అక్కడ దుకాణం పెట్టాడు. 1891లో కోర్టుకెక్కిన జాకబ్ వజ్రం బేరంలో మధ్యవర్తి కూడా అతనే. నలభై ఆరు లక్షల బేరం అది. మనిషి ఎప్పుడో ఇంగ్లండ్ వెళ్ళిపోయాడు, పేరు బస్సుల మీద మిగిలింది. సిటీ బస్సులో "ఆబిడ్స్ ఒకటి" అని టికెట్ తీసుకునేవాళ్ళలో ఎవరికీ ఆయన వంశవృక్షంతో పని లేదు. పరాయివాణ్ణి ఇంత హాయిగా కలుపుకోగలిగిన ఊరు సొంతవాణ్ణెందుకు నిలబెట్టి అడుగుతుంది? దీనికి జవాబు తెలీకే ఇది రాస్తున్నాం.

1997లో డిగ్రీలో చేరడానికి మేం హైదరాబాద్ వచ్చాం. నాన్న దర్జీ. పల్లెలో ఆయన కుట్టిన చొక్కా తొడగని ఇల్లు లేదు. నలుగురం కలిసి అశోక్‌నగర్‌లో గది వెతికాం. ఇద్దరు నల్లగొండ జిల్లా మాదిగ పిల్లలు, ఒకడు గౌండ్లాయన కొడుకు, ఒకళ్ళం మేం. అశోక్‌నగర్ అప్పటికే కోచింగులకూ గ్రూప్స్ పరీక్షలకూ పెట్టింది పేరు. ప్రతి రెండో గేటుకూ 'టు లెట్' అట్ట వేలాడేది. పేర్లు చెప్పేదాకా గది ఖాళీగానే ఉండేది. మా పేరు విన్నాక ఒక ఇంటావిడ, పాపం మంచిదే, కాఫీ కూడా ఇచ్చి, "మీరు నీసు వండుతారు కదా బాబూ" అంది. పక్కనున్న మా స్నేహితుడు "మేం కూడా వండుతామండీ" అన్నాడు. ఆవిడ అతని కులం కూడా అడిగింది. ఆ సాయంత్రం నలుగురం ఆగా హోటల్లో కూర్చుని రెండు చాయ్ నాలుగు కప్పుల్లో పోయించుకున్నాం.

ఆ చాయ్ సంగతి చెప్పాలి. డికాషన్ ఒక పాత్రలో మూత బిగించి సన్నని సెగ మీద గంటలకొద్దీ మగ్గుతుంది. పాలు వేరే పెద్ద గిన్నెలో మరుగుతూ చిక్కబడతాయి. కప్పులో ముందు చక్కెర, దాని మీద పాలు, ఆ పైన డికాషన్. రెండూ కలిపి కాస్తే అది ఇరానీ చాయ్ కాదని ఆగా పట్టుదల. డికాషన్ ఎక్కువ కావాలా, పాలు ఎక్కువ కావాలా అన్నది ఒక్కో కస్టమరుదీ ఒక్కో లెక్క. ముసలివాళ్ళు కొందరు 'ఖడే చమ్మచ్' అడిగేవాళ్ళు, చెంచా నిలబడేంత చక్కెర అన్నమాట. పక్కన ఉస్మానియా బిస్కెట్, ఖారీ, ఉల్లిపాయ సమోసా. చలువరాతి బల్లలు, వంపు కర్ర కుర్చీలు, గోడకు నిలువుటద్దం. గల్లాపెట్టె వెనక ఆగా.

చాయ్ కంటే పెద్ద సంగతి ఆ బల్ల. మా స్నేహితుల పల్లెల్లో అప్పటికింకా చాయ్ దుకాణాల ముందు రెండు గ్లాసుల పద్ధతి ఉంది. వాళ్ళ గ్లాసు వేరు, చూరుకు వేలాడదీసి ఉంటుంది. తాగి కడిగి మళ్ళీ అక్కడే పెట్టాలి. పట్నాల్లో 'బ్రాహ్మణ హోటల్' అని బోర్డు కట్టుకున్న కాలం మా నాన్నలకు బాగా గుర్తు. ఆగా హోటల్లో కప్పు అందరిదీ ఒకటే. ఆజామాబాద్ సిగరెట్ ఫ్యాక్టరీలో షిఫ్టు దిగిన కార్మికుడు, త్యాగరాయ గానసభలో కచేరీ విని వచ్చిన కండువా పెద్దమనిషి, సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దుటినుంచీ పుస్తకం మీద తల వాల్చిన నిరుద్యోగి, క్రాస్‌రోడ్స్‌లో సినిమా టికెట్లు బ్లాకులో అమ్మే కుర్రాడు, అందరి ఎంగిలీ ఆ తొట్లోనే కడిగేవాళ్ళు. ఆగా దీన్నేదో సంస్కరణ అనుకుని చేయలేదు. ఆయనకు మన కులాలు తెలీవు. తెలుసుకునే ఓపికా లేదు. డబ్బులిచ్చినవాడికి చాయ్. మా నల్లగొండ స్నేహితుడు ఒకసారి "పరాయివాడు కాబట్టే మాకింత మర్యాద దొరికింది" అన్నాడు. ఆ మాట మాకు కొంచెం గుచ్చుకుంది. పల్లెల్లో మావాళ్ళ చాయ్ దుకాణాలు కూడా రెండో గ్లాసు వేలాడదీసినవే కదా.

ఆగాను దేవుణ్ణి చేయబోవడం లేదు. వ్యాపారి. కప్పు పగిలితే పిల్లాడి జీతంలో కోసేవాడు. బల్లలు తుడిచే ఆ పిల్లలు మావాళ్ళే, పాలమూరు, బీదర్ వైపు పేద ముసల్మాన్ల బిడ్డలు. పన్నెండేళ్ళకే బడి మాని వచ్చి, రాత్రి షట్టర్ దించాక అవే బల్లల మీద పడుకునేవాళ్ళు. చేతులు సోడా నీళ్ళకు పాలిపోయి ఉండేవి. ఇరానీ కేఫ్‌ల మీద ఇప్పుడు ఇంగ్లీషు పేపర్లలో వచ్చే ముద్దు ముద్దు రాతల్లో ఆ చేతులు కనిపించవు. 'నవాబీ నగరం, ఇరానీ చాయ్' అని రాసుకుంటారు. నవాబులెవరో, గ్లాసులు కడిగిందెవరో తేడా ఉండదు. మా తాత ఏ నవాబు? మమ్మల్ని తిట్టాలన్నా నవాబులే, మురిసిపోవాలన్నా నవాబులే. "నువ్వూ పన్నెండేళ్ళకు గ్లాసులు కడిగినవాడివే కదా ఆగా" అని ఒకసారి అడిగేశాం. "అందుకే, వీళ్ళూ కడుగుతున్నారు" అన్నాడు. సిగ్గుపడలేదు.

ఆయన ఉర్దూ ఫార్సీ యాసలో ఉండేది. తెలుగు అంకెలు వచ్చు, సినిమా పేర్లు వచ్చు, రెండు మూడు బూతులు వచ్చు. మమ్మల్ని 'పెసర్' అని పిలిచేవాడు, ఫార్సీలో కొడుకని. మావాళ్ళకు అది పెసలు. "నిన్ను పెసరంటున్నాడు, నేను మినుముల్లో ఉన్నానా కందుల్లో ఉన్నానా కనుక్కో" అని గౌండ్లాయన కొడుకు ఏడిపించేవాడు. మేం అప్పటికి ఉర్దూ, తెలుగు పత్రికలు రెంటికీ చిన్న చిన్న వార్తలు రాయడం మొదలెట్టాం. వాన కురిసే ఒక సాయంత్రం, బేరం లేదు, తెలుగులో ఉన్న ఫార్సీ మాటలు ఆయనకు ఏకరువు పెట్టాం. బజారు, దుకాణం, గుమాస్తా, దరఖాస్తు, దస్తావేజు, జాగా, రుమాలు. ఒక్కోదానికీ బల్ల మీద చేత్తో కొట్టేవాడు. చాకిరీ అనేసరికి ఆపకుండా నవ్వాడు. "మా చాకిరీ కూడా మీరే తీసుకున్నారా!" చివరికి కాగితం అన్నాం. అది మీ కాగజే అన్నాం. దానికి నవ్వలేదు. గల్లా కింద సొరుగు లాగి గుడ్డ చుట్టిన కట్ట తీశాడు.

అందులో రెండు పాస్‌పోర్టులు. ఒకదాని మీద షా కాలం నాటి సింహం, సూర్యుడు. రెండోది 1979 విప్లవం తర్వాత వచ్చింది. మధ్యలో మన పోలీసులిచ్చిన నివాస అనుమతులు, ఏటేటా పొడిగించిన ముద్రలతో. ఆగా ఇక్కడి పౌరసత్వం తీసుకోలేదు. మొదట్లో తిరిగి వెళ్తాననుకున్నాడట. తర్వాత అక్కడ ఇల్లు లేదు, మనుషులు లేరు. తర్వాత ఇరాన్ ఇరాక్‌ల యుద్ధం, ఎనిమిదేళ్ళు. ఈలోగా ఇక్కడ పెళ్ళి, పిల్లలు, హోటలు. కాబట్టి ఏటా ఒక రోజు షేర్వానీ వేసుకుని, ఫోటోలు పట్టుకుని, పురానీ హవేలీలో పోలీస్ కమిషనరు ఆఫీసుకు వెళ్ళి తాను పరాయివాణ్ణని రాయించుకుని వచ్చేవాడు. ఆ రోజు సాయంత్రం మాకు చాయ్ ఉచితం. "ఇంకో ఏడాది పరాయివాణ్ణే, తాగండి" అనేవాడు.

మాకది అప్పట్లో జోకులా తోచింది.

ఒక మొహర్రం రోజుల్లో మా ఊరి పీర్ల పండుగ సంగతి చెప్పాం. ఆగా ఆ పదిరోజులూ నల్ల చొక్కా వేసేవాడు. ఆషూరా నాడు హోటల్ మూసి, పాతబస్తీలో బీబీ కా ఆలం ఊరేగింపుకు వెళ్ళేవాడు. మా ఊళ్ళో పీరు ఎత్తేది ఒక గొల్లాయన. ఆయన తండ్రీ ఎత్తాడు. గుండం తవ్వేది అన్ని కులాల వాళ్ళూ. ఊదు, బెల్లం షర్బతు, మొక్కులు, పిల్లలకు హుస్సేన్ పేరు కలిపి పెట్టుకోవడం. మా ఊళ్ళో హుస్సేనయ్యలూ హుస్సేనమ్మలూ ఉన్నారు, వాళ్ళు నమాజు చేయరు, బొట్టు పెట్టుకుంటారు అని చెబితే ఆగా నమ్మలేదు. గొల్లాయనకు కర్బలా కథ తెలుసా అన్నాడు. ఇమాము దాహంతో చనిపోయాడని తెలుసు, అందుకే షర్బతు పోస్తాడు అన్నాం. ఆగా లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్ళి చాలాసేపు రాలేదు. మాలో కొందరికి మాత్రం ఆగా షియా కావడం కంట్లో నలుసు. ఆయన వెనకాల ఏమేమో అనేవాళ్ళు. బయటివాళ్ళకు మేమంతా ఒకటే ముద్దగా కనిపిస్తాం గానీ మా లోపల మాకూ గోడలున్నాయి.

గోడ అంటే ఆ హోటల్ గోడకున్న నిలువుటద్దం. కుడి మూల పగిలి, సాలెగూడులా చీలికలు. 1992 డిసెంబరులో పగిలిందట. అంతకు ముందు కూడా ఆ రోడ్డు కర్ఫ్యూలు చూసింది. 1978లో పక్కనే నల్లకుంట పోలీస్ స్టేషన్లో రమీజాబీ మీద అత్యాచారం జరిగి, పోలీసుల దెబ్బలకు ఆమె భర్త అహ్మద్ హుస్సేన్ చనిపోయినప్పుడు నగరం భగ్గుమంది. 1990 డిసెంబరులో మతకలహాలు వందమందికి పైగా ప్రాణాలు తీశాయి. ఆ వారమంతా కర్ఫ్యూ సడలించిన రెండేసి గంటల్లో ఆగా ఒకటే గిన్నె చాయ్ కాచి షట్టర్ సగం ఎత్తి పోసేవాడని పాత కస్టమర్లు చెప్పేవాళ్ళు. 1992లో మాత్రం రాయి వచ్చింది. ఎవరు విసిరారు అని మేం పత్రికల వాళ్ళ బుద్ధితో ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. "రోజూ చాయ్ తాగేవాడే" అన్నాడు ఒక్కసారి. "మళ్ళీ వచ్చాడా?" "వచ్చాడు. అద్దంలో చూసుకుంటూ తాగి వెళ్ళాడు." అద్దం మార్చలేదు.

2003 డిసెంబరు 26న ఇరాన్‌లో బమ్ పట్టణం భూకంపంలో నేలమట్టమైంది. పాతిక వేలమందికి పైగా పోయారు. మట్టి ఇళ్ళు కదా, మనిషి ఊపిరాడే సందు కూడా మిగల్లేదు. ఆ వారం ఆగా ఉర్దూ పేపరు, తెలుగు పేపరు రెండూ మా చేత చదివించుకున్నాడు. బమ్ ఆయన ఊరు కాదు, యజ్ద్‌కు చాలా దూరం. కానీ ఫోటోల్లో గోడలు చూసి "మా మట్టి ఇలాగే ఉంటుంది" అన్నాడు. ఆయన నోట 'మా' అన్న మాట ఇరాన్ గురించి మేం విన్నది అదొక్కసారే. చిక్కడపల్లి గురించి మాత్రం రోజూ అనేవాడు. మా రోడ్డు, మా కార్పొరేటరు, మా నల్లా నీళ్ళు.

2004 వేసవిలో ఆగా పోయాడు. దాయిరా మీర్ మోమిన్‌లో పెట్టారు. ఈ ఊరికి నక్షా గీసిన అస్త్రాబాదీ నిద్రపోతున్న స్మశానమే అది. పల్లకీలో వచ్చిన ఇరానీకీ మూటతో వచ్చిన ఇరానీకీ అక్కడ ఒకటే మట్టి. తర్వాత నెలలో కొడుకు ఆ గుడ్డ కట్ట పట్టుకుని పోలీసుల దగ్గరికి వెళ్ళాడు, మనిషి లేడని రాయించడానికి. తోడుగా మేం వెళ్ళాం. గుమాస్తా పాత ఫైలు తీశాడు. ఇన్నేళ్ళలో ఒక్క ఏడు కూడా తప్పలేదన్నాడు. దాని మీద అడ్డంగా ఎర్రగీత గీశాడు.

ఆ ఫైలు మాకు 2019 డిసెంబరులో గుర్తొచ్చింది. పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది, జనాభా రిజిస్టరన్నారు, పౌరుల జాబితా అన్నారు. మా అమ్మ ఫోన్ చేసి "ఏ కాగితాలు కావాలట బేటా?" అంది. ఆవిడ పుట్టిన తేదీ ఎక్కడా లేదు. వానాకాలం, కలుపు తీసే రోజులని మాత్రం తెలుసు. ఊరికెళ్ళి పెట్టె దించాం. తాత పేరు 1954-55 ఖాస్రా పహాణీలో ఒక రకంగా, రేషన్ కార్డులో ఇంకో రకంగా, ఓటరు జాబితాలో మూడో రకంగా ఉంది. షేక్ ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట మాయం. నిజాం కాలపు కాగితం ఉర్దూలో ఉంది, ఆఫీసులో చదివేవాళ్ళు లేరు. చదివి పెడతాం అన్నాం. మీరు చదివితే చెల్లదన్నారు. ముగ్గురూ ఒకే మనిషని నిరూపించడానికి అఫిడవిట్ రాయించాలట. మూడు తరాలుగా ఒకే వేపచెట్టు కింద కుట్టుమిషను పెట్టుకున్న ఇల్లు మాది. చెట్టు సాక్ష్యం చెల్లదు.

ఆగా దగ్గర కాగితం ఉంది. పరాయివాడినని చెప్పే కాగితం, ఒక్క ముద్ర కూడా తప్పకుండా. ఇక్కడివాళ్ళమని చెప్పే కాగితం మా దగ్గర లేదు.

హోటల్ ఆయన తర్వాత మూడేళ్ళు నడిచింది. కొడుకులకు ఆసక్తి లేదనలేం, లెక్క కుదరలేదు. మూల జాగాకు అద్దె బంగారమైంది. మూడు రూపాయల చాయ్ ముందు పెట్టుకుని మూడు గంటలు కూర్చునే మాలాంటివాళ్ళతో ఆ అద్దె రాదు. బిర్యానీ పెట్టినవాళ్ళు నిలబడ్డారు, చాయ్‌నే నమ్ముకున్నవాళ్ళు షట్టర్లు దించారు. పెద్దకొడుకు దుబాయి వెళ్ళాడు. గ్లాసులు కడిగిన పిల్లల్లో ఒకడు ఇప్పుడు ముషీరాబాద్ వైపు సొంత బండి మీద చాయ్ అమ్ముతున్నాడు. బండికి 'ఇరానీ' అని రాయించాడు. నువ్వు పాలమూరోడివి కదరా అంటే, "పాలమూరు చాయ్ అంటే ఎవడు తాగుతడన్నా?" అన్నాడు. పాలూ డికాషనూ వేరే వేరే కాస్తాడు, రెండూ కలిపి కాయడు.

సామాను జుమ్మేరాత్ బజారుకు పోయింది. అద్దం ఎవరూ కొనలేదు. కుర్చీలు మంచి ధర పలికాయి, ఏదో కొత్త రెస్టారెంటులో అలంకారానికి. చలువరాతి బల్ల పలక ఒకటి అడిగి మేం తెచ్చుకున్నాం. ఒక అంచు విరిగి ఉంది, మధ్యలో కప్పుల అడుగులు గీసిన గుండ్రటి మచ్చలు, ఎంత తోమినా పోవు. మా ఆవిడ దాని మీద రొట్టెలు ఒత్తుతుంది. పిండి అంటదట, రాయి చల్లగా ఉంటుంది కదా.